ముగింపు నుంచి ఒక బాణం

వడకాలం, 9వ రోజు

బూర మోగింది: 11 గంటల 20. తలుపు పడింది: 11 గంటల 24. ఆలస్యం: నాలుగు నిమిషాలు.

ఈ నాలుగు నిమిషాలూ మొదటి రోజు నుంచీ ఉన్నాయి. కొత్త తలుపు కదా, సర్దుకుంటుందిలే అని రాసుకున్నాను. ఇవాళ మళ్ళీ అదే రాస్తున్నాను కాని, రాయడానికి చెయ్యి ఒప్పుకోవడం లేదు.

పనైతే చాలా చిన్నది. వడగాలి వచ్చే ముందు బూర మోగుతుంది. బయటికి వెళ్ళినవాళ్ళు కొండలోకి వచ్చేస్తారు. పెద్దతలుపు పడుతుంది. అది పడ్డాకే చలువయంత్రం తిరుగుతుంది. ఈ కొండ లోపలి ఊరు చలువగెడ్డలో ఉన్న నాలుగు వందల మందిమీ ఆ యంత్రం మీదే బతుకుతున్నాం. ముప్ఫై ఏళ్ళు ఈ పనంతా తలుపు కాపరి పైడమ్మ ఒక సుద్దముక్కతో, ఒక ఇనపచక్రంతో చేసింది. ఎవరైనా బయటికి వెళ్తే గోడ మీద ఒక గీత, తిరిగొస్తే ఆ గీత చెరిపెయ్యడం. ఇప్పుడు చక్రం ఊడదీసేశారు. నా బాట ఆ పని చేస్తోంది.

ఏ పనైనా ఎక్కడ మొదలై, ఎక్కడ చీలి, ఎక్కడ కలిసి, ఎక్కడ ముగుస్తుందో గీసిన పటాన్ని మా శాఖలో బాట అంటాం. చీలిన పనులు కలిసే చోట పడే ముడుల మీద నా పరిశోధన. అందరూ వచ్చేదాకా ఆగడం తేలికైన ముడి. ఒక్కరు వస్తే చాలనుకోవడం ఇంకా తేలిక. తిరిగి రాబోయేవాళ్ళు ఎవరో కనిపెట్టి వాళ్ళ కోసం మాత్రమే ఆగడం ఉందే, దాని దగ్గర నాకు ముందు ముగ్గురు పరిశోధకులు జుట్టు పీక్కుని వదిలేశారు. నేను వదల్లేదు. మూడు నెలలు తలుపు పక్కన పీట వేసుకుని కూర్చుని, మూడు వేల మాటలు రికార్డు చేశాను. దగ్గులు, తిట్లు, చక్రం తిప్పుతూ పైడమ్మ గొణుక్కునే గొణుగుడు, అన్నీ ఏరి పారేశాను. మిగిలినదాంట్లో దొరికింది జవాబు. రాబోయేవాళ్ళందరూ వెళ్ళేటప్పుడు ఒకటే మాట అంటారు: "వెళ్ళొస్తాను."

తలుపు దగ్గర వినికిడి పలక ఆ మాట వింటుంది. అన్నవాళ్ళ పేరు పక్కన పచ్చదీపం వెలుగుతుంది, తిరిగొచ్చాక ఆరుతుంది. బూర మోగాక కూడా దీపం ఉంటే తలుపు ఆ మనిషి కోసం నాలుగు నిమిషాలు ఆగుతుంది, తర్వాత ఇంకొకరి కోసం ఇంకో నాలుగు. ఒకసారి పడ్డాక ఇరవై నిమిషాలు ఇక తెరుచుకోదు. చల్లగాలి నిండేదాకా అంతే. ముగింపు అంటే ముగింపు.

రాతిపాలెం వాళ్ళు పోయిన వారమే నా బాట పెట్టించుకున్నారు. ఇంకో ఆరు ఊళ్ళు అడుగుతున్నాయి. నాకు కొంచెం గర్వంగానే ఉందని దాచుకోకుండా రాస్తున్నాను.

11వ రోజు

ఆలస్యం: పదహారు నిమిషాలు.

నాలుగు కాస్తా పదహారు ఎందుకైందో చూద్దామని పలక వెనకున్న జాబితా తెరిచాను. మొదటి మూడు పేర్లూ మళ్ళీ చదివాను. నిన్న పొద్దున నీళ్ళబండిలో రాతిపాలేనికి మకాం మార్చిన కుటుంబం వాళ్ళది. సామాను, కోళ్ళగంప, తిరగలి, అన్నీ ఎక్కించుకుని, ఈ ఊరి గడప మళ్ళీ తొక్కే ఉద్దేశం లేని మనుషులు వరసగా నిలబడి "వెళ్ళొస్తాం" అని చెప్పి వెళ్ళారు.

అనక ఏం చేస్తారు? మనలో ఎవరు మాత్రం గడప దగ్గర "వెళ్తున్నాను" అంటారు? చిన్నప్పుడు ఒకసారి అన్నందుకు మా అమ్మ నన్ను లోపలికి పిలిచి, మంచినీళ్ళు తాగించి, మళ్ళీ పంపింది. ఇంత తెలిసి, ఆ మాటను మూడు వేల సార్లు విని, అది వాగ్దానం అనుకున్నాను. చదువుకున్న తెలివితక్కువతనం అంటే ఇదే. తలుపు మాత్రం ఆ ముగ్గురి కోసం రోజూ నమ్మకంగా ఎదురుచూస్తోంది.

నాలుగో దీపానికి పేరు లేదు. ఒక గీత గుర్తు మాత్రం ఉంది. మొదటి రోజు పైడమ్మ గోడని ఫోటో తీసి పలకలోకి ఎక్కించాం, అందులోంచి వచ్చిన మరక అయ్యుంటుంది. దాన్ని కొట్టేద్దామంటే కుదరదు. దొంగతనంగా ఎవరూ ఒక మనిషిని జాబితాలోంచి తీసెయ్యకుండా నేనే కట్టుదిట్టం చేశాను. దగ్గరి బంధువు తలుపు ముందు నిలబడి నోటితో "రాడు" అనో "రాదు" అనో చెప్పాలి. నా చేతిముద్రతో ముడులు మార్చగలను గాని, మనుషులను కాదు.

తలుపుకి ఆనుకుని ఉన్న మొదటి గది ఆసుపత్రి. అక్కడ మా చెల్లెలు జలజ ఉంది. తొమ్మిదో నెల, రక్తపోటు, మంచం దిగకూడదు. ఇవాళ తలుపు పడేసరికి ఆ గదిలో ముప్ఫై ఏడు డిగ్రీలు.

12వ రోజు

ఆలస్యం: ఇరవై నాలుగు.

తలుపు పక్కన కాగితం అంటించాను: "మకాం మార్చేవారు దయచేసి 'వెళ్తున్నాను' అని స్పష్టంగా చెప్పవలెను."

మొదట వచ్చింది కనకరత్నం, మొగుడితో, రెండు పెట్టెలతో. కాగితం చదివి నా వంక చూసింది.

"ఇదేటి హిమజా? శుభమా అని కొత్త ఊరు ఎల్తంటే నా సేత ఈ మాట అనిపిస్తావేటి?"

"ఒక్క మాటే కదా, పలక కోసం. చూడు, నేను అంటాను." పలక ముందు నిలబడి గట్టిగా "వెళ్తున్నాను" అన్నాను. నా వెనక ఉన్న పదిమందీ ఒక్కసారి గుసగుసలు ఆపేశారు. ఎవరో "రామ రామ" అన్నారు.

కనకరత్నం తల్లి గౌరమ్మ కూతుర్ని తన వెనక్కి లాక్కుంది. "నీకు బయమూ లేదు, బక్తీ లేదు. మా పిల్లల్ని సెడగొట్టకు."

కనకరత్నం పలక దగ్గరికి వెళ్ళి, నా కళ్ళలోకి చూస్తూ, "ఎల్లొస్తాను" అంది. ఆ వెనకే మొగుడు కూడా. టిక్కు, టిక్కుమని రెండు దీపాలు.

సాయంత్రం జలజకి ఈ సంగతి ఎవరో చేరేశారు. "గడప మీద ఆ మాట అన్నావట. నా ముందు ఇంకెప్పుడూ అనకక్కా" అంటూ నిజంగానే ఏడ్చింది. దాని పాదాలు ఉబ్బి ఉన్నాయి. నిమురుతూ కూర్చున్నాను.

14వ రోజు

ఈ పుటలో నా తప్పు రాయాలి.

నిన్న కూడా ఆలస్యం ఇరవై నాలుగు నిమిషాలు. ఊరి సంఘం వాళ్ళని పిలిచి, నా బాట తప్పు అని ఒప్పుకోవాల్సింది. ఆరు ఊళ్ళు గుర్తొచ్చాయి. ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే పలక మీద చెయ్యి పెట్టి, మనిషికి నాలుగు నిమిషాలని ఒక్క నిమిషానికి తగ్గించాను.

బూర మోగింది. ఉన్న ఆరు దీపాలతో పాటు ఏడోది కూడా వెలుగుతూనే ఉంది: సన్యాసినాయుడు. పైన సోలార్ పలకలు కడిగే మనిషి. గొట్టం చిక్కుపడి దిగడం ఆలస్యమైంది. ఏడు నిమిషాలకి తలుపు పడింది. అతను వచ్చింది తొమ్మిదో నిమిషానికి.

లోపలి నుంచి మాకు చప్పుడు వినిపించింది. కాలిన ఇనుము మీద అరచేతులతో కొడుతున్నాడు. పైడమ్మ చక్రం కోసం గోడ మీద చేతులతో తడిమింది. అక్కడ నాలుగు బోల్టుల రంధ్రాలు మాత్రం ఉన్నాయి. నేను పలక మీద చెయ్యి పెట్టి అరిచాను, తిట్టాను, బతిమాలాను. "ప్రక్రియ ముగిసినది" అంది.

ఇరవై నిమిషాలు అతను నీళ్ళతొట్టి వెనక నీడలో ముడుచుకుని పడి ఉన్నాడు. బతికాడు. రెండు అరచేతులూ పొక్కిపోయాయి.

తర్వాత రికార్డు చూశాను. తలుపుకి బయటివైపున్న పలక అతను తట్టడం పదకొండు సార్లు వింది. విని, వేళతో సహా రాసుకుంది. ఆ చప్పుడు నుంచి ఎక్కడికీ వెళ్ళడానికి నా బాటలో బాణం లేదు. ముగింపు నుంచి బాణం గియ్యకూడదని నేను పాఠం చెప్తాను, మొదటి రోజు మొదటి పాఠం.

మళ్ళీ నాలుగు నిమిషాలకి మార్చేశాను. సంఘానికి అంతా చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

15వ రోజు

పొద్దున బండిలో ఇంకో అయిదుగురు వెళ్ళిపోయారు. ఆలస్యం: నలభై నాలుగు నిమిషాలు. జలజ గదిలో నలభై ఒకటి. దాన్ని లోపలి గదులకి మార్చలేమా అని అడిగాను. కొండ లోపలి దారి నిండా మెట్లే, మంచం మోస్తుంటే కుదుపుకి ఏమైనా అయితే తన పూచీ కాదంది మంత్రసాని.

సంఘం వెళ్ళిపోయినవాళ్ళ బంధువులందరినీ తలుపు దగ్గరికి పిలిచింది. "రాడు", "రాదు" అని ఒక్కొక్కరు ఒక్క మాట అంటే చాలు, దీపాలు ఆరిపోతాయి. పదిమందికి పదిమందీ వచ్చారు. నిలబడ్డారు. గౌరమ్మ పలక దాకా వెళ్ళి, నోరు తెరిచి, మూసుకుంది.

"బతికున్న పిల్లని రాదని ఏ నోటితో అనమంటావు? పండక్కి రాదా? పురిటికి రాదా? నాను సస్తే సూడ్డానికైనా రాదా?"

ఒక్కరూ అనలేదు. వాళ్ళ మీద కోపం వచ్చింది. ఇంటికొచ్చి, జలజ గురించి ఆ మాట నేను అనగలనా అని నోట్లోనే ప్రయత్నించి చూశాను. నా వల్ల కాలేదు.

17వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న ఇంకో ఇద్దరు, మొత్తం పన్నెండు మంది వెళ్ళిపోయారు. వాళ్ళవి పన్నెండు దీపాలు, ఆ పేరులేని గీతతో పదమూడు. సన్యాసినాయుడి చేతులకి కట్లున్నాయి గనక, పైన సోలార్ పలకలు కడగడానికి ఇవాళ అతని భార్య రాములమ్మ వెళ్ళింది. అలవాటు లేని పని.

జలజకి పొద్దున తొమ్మిదికి నొప్పులు మొదలయ్యాయి.

11 గంటల 20కి బూర మోగింది. అప్పటికే తెరిచిన తలుపులోంచి వేడి లోపలికి కొడుతోంది. బయట యాభై ఎనిమిది. రాములమ్మ రాలేదు. లెక్క వేసుకున్నాను, పద్నాలుగు దీపాలు, యాభై ఆరు నిమిషాలు. మంత్రసాని పరదా తీసి తల బయటికి పెట్టింది.

"గదిలో నలబై రెండు దాటీసినాది. పిల్లకి మగత వొచ్చేస్తన్నాది. ఇంకో పావుగంట ఇలగే ఉంటే నా సేతుల్లో ఏటీ లేదు. తలుపు యేస్తావా, యెయ్యవా?"

వెయ్యగలను. గడువు సున్నా చేస్తే ఈ క్షణంలో పడుతుంది. పడితే ఇరవై నిమిషాలు తెరుచుకోదు, రాములమ్మ బయట. అరచేతులు కాలినా బతికిన సన్యాసినాయుడికి నీళ్ళతొట్టి నీడ దొరికింది. మొన్నటి కంటే ఇవాళ నాలుగు డిగ్రీలు ఎక్కువ. అతను నా పక్కనే నిలబడి ఉన్నాడు, కట్టు కట్టిన చేతులు గుండెల దగ్గర పెట్టుకుని. "యెయ్యకు" అనలేదు. "యెయ్యి" అనలేదు. నా చేతి వంక చూస్తున్నాడు, అంతే.

పరదా వెనక నుంచి జలజ "అక్కా" అంది. ఒక్కసారే.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా పైడమ్మ భుజం పట్టుకుని ఊపేశాను. "ముప్ఫై ఏళ్ళు వేశావు కదా పిన్నీ! అందరూ వచ్చేశారని నీకెలా తెలిసేది? బయట ఇంకా ఎవరైనా ఉంటే ఏం చేసేదానివి?"

"తెలిసీది కాదమ్మా" అంది పైడమ్మ. "నాకేటి తెలుస్తాది? యేల అయిపోతే యేసీసేదాన్ని."

"మనిషి బయట ఉండగానే?"

"ఉండగానే." గోడ వంక చూపించింది. సుద్దగీతలన్నీ కడిగేసిన గోడ మీద ఒక మూల ఒక్క గీత మిగిలి ఉంది. రోజూ దాని మీదే మళ్ళీ మళ్ళీ దిద్దినట్టు లావుగా. "అది నా కొడుకు అప్పన్న. పందొమ్మిదేళ్ళయినాది. గెడ్డ నీళ్ళు సూసొస్తాను, ఎల్లొస్తానన్నాడు. ఆరోజు కూడా యేల అయిపోతే నానే యేసినాను తలుపు. ఆ తరవాత రోజూ యేసీసేదాన్ని. యేసినప్పుడల్లా సెప్పేదాన్ని కదా."

"ఏమని?"

"ఏమనేటి? 'అప్పన్నా, తట్టు, తీస్తాను' అని. ఎవలు బయటుంటే ఆళ్ళ పేరు. తడితే సక్రం తిప్పి మనిసి పట్టినంత తీసి లాగీసేదాన్ని. మళ్ళీ యేసీసేదాన్ని. నువ్వు పక్కనే కూకున్నావు కదా మూడు నెల్లు, ఇనలేదా?"

విన్నాను. మూడు నెలలు, రోజూ విన్నాను. గొణుగుడు అనుకుని, పనికి సంబంధం లేని మాట అని నా చేత్తో నేనే కోసి పారేశాను. పేరులేని ఆ దీపం మరక కాదు. మొదటి రోజు నుంచీ ఉన్న ఆ నాలుగు నిమిషాలూ అప్పన్నవి.

పలక మీద చెయ్యి పెట్టాను. ముడి విప్పాను. ఎవరు వస్తారు, ఎవరు రారు అని కనిపెట్టే పని మొత్తం తీసేశాను. దీపం ఉన్న ప్రతి ఒక్కరికీ తలుపు కాపరి "తట్టు, తీస్తాను" అన్నాక తలుపు పడాలి, దీపాలు ఆరకూడదు. ఆ తర్వాత నా జీవితంలో ఎన్నడూ గియ్యని గీత గీశాను. ముగింపు దగ్గర వేలు పెట్టి, అక్కడి నుంచి వెనక్కి, తలుపు దాకా ఒక బాణం. బయటి పలక తట్టుడు వింటే మనిషి పట్టినంత తెరువు. "ముగింపు నుంచి బాణం చెల్లదు" అని పలక మూడు సార్లు హెచ్చరించింది. మూడు సార్లూ చెయ్యి నొక్కాను. 11 గంటల 29.

"పిన్నీ, చెప్పు!"

పైడమ్మ చీరకొంగు నడుముకి దోపుకుని తలుపుకి ఎదురుగా నిలబడింది. "రాములమ్మా, తట్టు, తీస్తాను. కనకరత్నం, తట్టు, తీస్తాను." ఒక్కొక్క పేరూ చెప్తోంది. వెనక నుంచి గౌరమ్మ, తక్కిన బంధువులు, తమవాళ్ళ పేర్లు అందిస్తున్నారు, గొంతులు కలిపి. రెండు రోజుల క్రితం నోరు పెగలనివాళ్ళు ఇప్పుడు అరుస్తున్నారు. అన్నీ అయ్యాక పైడమ్మ మెల్లగా, "అప్పన్నా, తట్టు, తీస్తాను" అంది.

తలుపు పడింది. చలువయంత్రం మొదలైంది. పద్నాలుగు దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి.

తలుపుకి అటువైపు ఏమీ లేదు, గాలి తప్ప. రెండు నిమిషాలు. నాలుగు. ఆరు. సన్యాసినాయుడు తలుపుకి చెవి ఆనించబోయాడు, పక్కవాళ్ళు వెనక్కి లాగారు.

అప్పుడు తట్టిన చప్పుడు. నీరసంగా, మూడు సార్లు.

నేను చూడాల్సింది తలుపు వంక. చూసింది పైడమ్మ ముఖం. పందొమ్మిదేళ్ళుగా ఆమె ఆ చప్పుడు ఎవరిదని వింటోందో నాకు అప్పుడు అర్థమైంది. తలుపు మనిషి పట్టినంత తెరుచుకుంది. రాములమ్మ లోపలికి పడింది, తడి గోనెపట్టా తల మీద కప్పుకుని. తలుపు మళ్ళీ పడింది. పైడమ్మ గబగబా వెళ్ళి ఆమెని ఒళ్ళోకి తీసుకుని, నోట్లో నీళ్ళు పోసింది. "వొచ్చీసినావా తల్లీ, వొచ్చీసినావా" అంటూనే ఉంది.

మధ్యాహ్నం రెండున్నరకి జలజకి ఆడపిల్ల పుట్టింది. గదిలో ముప్ఫై ఒకటి. తల్లీపిల్లా క్షేమం.

18వ రోజు

ఆలస్యం: లేదు.

సంఘం చక్రం మళ్ళీ బిగించమంది. చక్రమూ ఉంటుంది, పలకా ఉంటుంది, రెంటి దగ్గరా పైడమ్మ ఉంటుంది. జీతగాళ్ళ పట్టీలో ఆమె పేరు కొట్టేశారట, మళ్ళీ రాశారు. నేనే రాయించాను.

రాతిపాలెం నుంచి తీగ మీద కబురొచ్చింది. అక్కడ నిన్న ఆలస్యం నలభై ఎనిమిది నిమిషాలు. మార్పు ఎలా చెయ్యాలో చెప్తానన్నాను. కాని గీసినవాళ్ళ చెయ్యి పలక మీద పడితే తప్ప ముడి విడదు, అది కూడా నేను పెట్టిన నియమమే. అక్కడి తలుపు కాపరి తలుపు వేసేటప్పుడు ఏమనేవాడని అడిగాను. ముసలాయన్ని నా బాట వచ్చిన రోజే పనిలోంచి తీసేశారట, పోయిన వారం కాలం చేశాడట. ఆయన ఏమనేవాడో ఎవరూ వినలేదు.

నీళ్ళబండిలో రెండు రోజుల దారి. మధ్యలో ఒక పగలు రాళ్ళ కింద తలదాచుకోవాలి. పోయిన ఏడు ఆ దారిలో ఒక బండి చేరలేదు. కనకరత్నం అక్కడే ఉంది. నేను గీసిన తప్పు తలుపు ముందు నూట ఎనభై మంది ఉన్నారు.

19వ రోజు

బండి కదిలాక రాస్తున్నాను. తెల్లవారి గంట అయింది, ఎండ ఇంకా కొండ ఎక్కలేదు.

జలజ మంచం మీంచే పిల్లని ఎత్తి చూపించింది. నేను తలుపు దగ్గర ఏమంటానో వినడానికి పరదా పక్కకి తీయించుకుంది.

పలక ముందు నిలబడ్డాను. వస్తానో లేదో నాకు తెలియదు. తెలియని సంగతి పలకకి చెప్పకూడదని రాసింది నేనే.

"వెళ్ళొస్తాను" అన్నాను.

నా పేరు పక్కన పచ్చదీపం వెలిగింది. పైడమ్మ సుద్దముక్క తీసి, గోడ మీద అప్పన్న గీత పక్కన ఇంకో గీత గీసింది. పలక ఉండగా గీతెందుకని అడగలేదు.

బండివాడు 11 గంటల 20 లోపల మొదటి రాళ్ళ దగ్గరికి చేరుస్తానంటున్నాడు. సరిగ్గా అదే వేళకి చలువగెడ్డలో బూర మోగుతుంది, పైడమ్మ చెప్పే పేర్లలో నాదీ ఉంటుంది.